ఇద్దరు తాతల ఊపిరి

మీలో చెడుగుడు ఆడనివాళ్ళు ఉండరు. కూత పెట్టి అవతలి బరిలోకి దూకినవాడికి కాళ్ళలో ఎంత చురుకున్నా, ఊపిరి చాలకపోతే ఆట కట్టే! కూత తెగకుండా గీత దాటి వచ్చినవాడే మొనగాడు. అయితే ఒకడికి కూత చాలాసేపు నిలుస్తుంది, మరొకడికి ఇట్టే తెగిపోతుంది. ఇద్దరూ ఒక ఈడువాళ్ళే, తినేదీ ఒకటే. మరి ఈ తేడా ఎందుకు?

పెద్దవాళ్ళ సంగతి చూస్తే ఈ తేడా ఇంకా వింతగా ఉంటుంది. ఒక ఊళ్ళో ఇద్దరు తాతలు ఉన్నారనుకోండి. ఒకరు సుబ్బయ్య తాత, ఇంకొకరు వీరయ్య తాత. ఇద్దరికీ డెబ్బయ్యైదేళ్ళు. ఇద్దరూ మీసాలు మొలిచిన నాటినుంచీ బీడీలు కాల్చేవాళ్ళే. వీరయ్య తాతకు అరవయ్యో ఏటికే ఆయాసం పట్టుకున్నది. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే కూలబడిపోతాడు. రాత్రిళ్ళు ఆయన దగ్గుతూ ఉంటే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. సుబ్బయ్య తాత మాత్రం చెరువుగట్టు మీద ఇప్పటికీ చకచకా నడుస్తాడు.

ఒకనాడు సుబ్బయ్య తాత మనవడు బడినుంచి వచ్చి, "తాతయ్యా, పొగ తాగితే ఊపిరితిత్తులు చెడిపోతాయని మా మాస్టారు చెప్పారు. నువ్వు బీడీలు మానెయ్యి," అన్నాడు.

తాత నవ్వి, "పోరా పిచ్చివాడా! అరవై ఏళ్ళనుంచి కాలుస్తున్నాను. నాకేమయింది?" అన్నాడు.

మనవడు తెల్లబోయాడు. మాస్టారు చెప్పిందీ నిజమే, కళ్ళెదుట ఉన్న తాతా నిజమే. మరి ఏది నమ్మాలి?

ఇటువంటి మాట మీ ఇంట్లోనో, పక్కింట్లోనో మీరూ వినే ఉంటారు. అప్పుడు ఏం జవాబు చెప్పాలో మీకు తోచి ఉండదు. జవాబు లేకపోలేదు. కాని అది కనుక్కోవటానికి వైద్యులకు నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ కథ ఇది.

ముందు మన ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో తెలుసుకోవాలి. ఒక చెట్టును తలకిందులుగా ఊహించుకోండి. దాని మొదలు మన గొంతులోని శ్వాసనాళం. అది రెండు కొమ్మలవుతుంది. ఒక్కొక్క కొమ్మ మళ్ళీ రెండు, ఆ రెండూ నాలుగు, ఆ నాలుగూ ఎనిమిది - ఇలా ఇరవైసార్లకు పైగా చీలి, చాలా సన్నని రెమ్మలవుతాయి. ఆ రెమ్మల చివర ద్రాక్షగుత్తుల్లాగా చిన్న చిన్న గాలిగదులు ఉంటాయి. ఇవి కొన్ని కోట్లు! వాటి గోడలన్నీ విప్పి నేలమీద పరచగలిగితే, సుమారుగా ఒక బాడ్మింటన్ ఆటస్థలమంత చోటు కావాలి. అంత పెద్ద దుప్పటి మీ గుండెలమీద చెయ్యి వేసుకున్నంత చోటులో మడతపెట్టి ఉన్నదన్నమాట.

ఈ గాలిగదుల గోడల్లో సాగే గుణం గల సన్నని దారాలు ఉన్నాయి. మనం గాలి పీల్చినప్పుడు అవి సాగుతాయి, వదిలినప్పుడు మళ్ళీ ముడుచుకుంటాయి. కొత్త లాగుకు కుట్టిన లాస్టిక్కు లాగా అన్నమాట. ఈ దారాలు మరొక పని కూడా చేస్తాయి. గుడారాన్ని నాలుగు వైపులా తాళ్ళు లాగి పట్టుకున్నట్టు, ఇవి సన్నని గాలిరెమ్మలను నలువైపులా లాగి, మూసుకుపోకుండా తెరిచి ఉంచుతాయి. ఈ దారాల సంగతి బాగా గుర్తుంచుకోండి. మన కథ అంతా వీటిమీదనే నడుస్తుంది.

ఊపిరిని కొలవటం ఎలా? గాలి కంటికి కనపడదు, తక్కెడలో వేద్దామంటే నిలవదు. లండనులో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. నీళ్ళలో బోర్లించిన ఒక పాత్రలోకి గొట్టం గుండా ఊదితే, లోపలికి పోయిన గాలి మేరకు ఆ పాత్ర పైకి లేస్తుంది. ఎంత లేచిందో చూస్తే ఎంత ఊదామో తెలుస్తుంది. ఈ పరికరానికి "స్పైరోమీటరు" అని పేరు. దానితో హచిన్సన్ రెండువేలమందికి పైగా మనుషుల ఊపిరి కొలిచి, 1846లో ఆ వివరాలు ప్రకటించాడు. అందులో నావికులు, పోలీసులు, నిప్పులార్పేవాళ్ళు, సైనికులు, కుస్తీపట్టేవాళ్ళు, మరుగుజ్జులు కూడా ఉన్నారు.

ఆయన కొలతల్లో ఒక చక్కని లెక్క బయటపడింది. మనిషి పొడుగు పెరిగిన కొద్దీ ఊపిరి పెరుగుతుంది. వయసు ముదిరిన కొద్దీ ఊపిరి తగ్గుతుంది. ఉండవలసిన దానికన్న ఊపిరి బాగా తగ్గిందంటే లోపల ఏదో జబ్బు ఉన్నదన్నమాట. అమెరికా నుంచి వచ్చిన ఫ్రీమన్ అనే మహాకాయుడి ఊపిరి కూడా హచిన్సన్ కొలిచాడు. అతని ఎత్తు దాదాపు ఏడడుగులు! మొదట కొలిచినప్పుడు ఊపిరి దండిగానే ఉన్నది. తరవాత కొలిచినప్పుడు తగ్గింది. కొంతకాలానికి ఆ మహాకాయుడు క్షయతో 1845లో చనిపోయాడు. అంత కండగల మనిషిలో దాగిన జబ్బు జాడను ఒక నీళ్ళపాత్ర పట్టి ఇచ్చింది!

హచిన్సన్ పద్ధతిలో మీరూ మీ ఊపిరి కొలుచుకోవచ్చు. పెద్దవాళ్ళను సాయం పిలవండి. అయిదు లీటర్ల ఖాళీ నీళ్ళ డబ్బా ఒకటి తీసుకోండి. అది లోపల ఏముందో పైకి కనపడేదిగా ఉండాలి. ఒక్కొక్క లీటరే నీళ్ళు పోస్తూ, పోసినప్పుడల్లా డబ్బా మీద గీత పెట్టండి. నిండుగా పోసి మూతి మూసి, సగం నీళ్ళున్న తొట్టిలో బోర్లించి, నీళ్ళలోపలే మూత తీయండి. శుభ్రంగా కడిగిన రబ్బరు గొట్టం ఒక కొస డబ్బా మూతిలోకి దూర్చండి. ఇక గుండెలనిండా గాలి పీల్చి, రెండో కొస నోట్లో పెట్టుకుని ఊదగలిగినంతా ఒక్క గుక్కలో ఊదండి. గొట్టంలోంచి పీల్చవద్దు సుమా, నీళ్ళు నోట్లోకి వస్తాయి! డబ్బాలోకి వెళ్ళిన గాలి నీళ్ళను బయటికి నెడుతుంది. ఎన్ని గీతల నీళ్ళు పోయినాయో అన్ని లీటర్ల ఊపిరి మీది. పదేళ్ళ వయసు వాళ్ళకు సుమారు రెండు లీటర్లు రావచ్చు. పొడుగు వాళ్ళకు ఎక్కువ, పొట్టివాళ్ళకు తక్కువ. తగ్గిందని దిగులుపడకండి, మీరింకా పెరుగుతారు. ఒకరు ఊదిన తరవాత గొట్టం కడిగి మరొకరికి ఇవ్వాలి. జలుబూ దగ్గూ ఉన్నవాళ్ళు ఈ ఆటకు రాకూడదు.

మొత్తం ఎంత గాలి ఊదామన్నది ఒక లెక్క. ఎంత వేగంగా ఊదామన్నది మరొక లెక్క. 1947లో ఫ్రాన్సులో టిఫెనో అనే వైద్యుడు, గుండెలనిండా పీల్చి బలంగా ఊదినప్పుడు మొదటి సెకండులో ఎంత గాలి బయటికి వస్తుందో చూడాలన్నాడు. గాలిదారులు ఇరుకైతే గాలి మొత్తం రావచ్చుగాక, ఈసురోమంటూ వస్తుంది. సన్నని మూతి కూజాలోంచి నీళ్ళు వంచినట్టు! నేటికీ ఆస్పత్రిలో వైద్యులు ఈ మొదటి సెకండు ఊపిరినే చూస్తారు.

ఇప్పుడు వయసు సంగతి. పుట్టిననాటినుంచీ మన ఊపిరి పెరుగుతూ, సుమారు ఇరవై, ఇరవయ్యైదేళ్ళకు నిండుకు వస్తుంది. చక్కగా ఎదిగిన మగవాడు అప్పుడు మొదటి సెకండులో సుమారు నాలుగు లీటర్లు ఊదగలడు. ఆడవాళ్ళకు ఇంతకన్న కొంత తక్కువ. ఆ తరవాత పెరగటం ఆగి, తరగటం మొదలవుతుంది. సాగే దారాలు పాత లాస్టిక్కులాగా వదులవుతాయి. పొగ తాగనివాళ్ళకైనా ఏటా ఇరవయ్యైదు, ముప్పై మిల్లీలీటర్లు తగ్గుతుంది. అంటే ఏడాదికి రెండు పెద్ద చెంచాలు మాత్రమే.

మీకు లెక్కలు వచ్చుగదా, వేసి చూడండి. ఇరవయ్యైదేళ్ళనాడు నాలుగు లీటర్లు. ఏటికి ముప్పై మిల్లీలీటర్ల చొప్పున యాభై ఏళ్ళకు తరిగేది లీటరున్నర. డెబ్బయ్యైదేళ్ళకు ఇంకా రెండున్నర లీటర్లు మిగులుతుంది. చెరువుగట్టు మీద నడవటానికి అది బాగా చాలు. మనకు ప్రకృతి ఇచ్చిన ఊపిరి, పొదుపుగా వాడుకునేవాడికి ముసలితనం దాటేదాకా సరిపోయే ఆస్తి అన్నమాట.

మరి పొగ ఏం చేస్తుంది? గాలిదారుల గోడలమీద కంటికి కనపడనంత సన్నని నూగు ఉంటుంది. అది ఎడతెగకుండా కదులుతూ, పీల్చిన గాలిలోని దుమ్మును జిగురుతో సహా పైకి ఊడ్చేస్తుంది. మన ఒంట్లో నిద్రపోని చీపురు అది! పొగ తగిలితే ఆ చీపురు చచ్చుబడుతుంది. జిగురు పేరుకుంటుంది. చీపురు చేయని పని దగ్గు చేయవలసి వస్తుంది. పొగ తాగేవాళ్ళు తెల్లవారగానే ఖళ్ళుఖళ్ళున దగ్గటానికి కారణం ఇదే.

దగ్గుకన్న పెద్ద నష్టం ఇంకా లోపల, గాలిగదుల్లో జరుగుతుంది. దాని సంగతి తరవాత చెబుతాను. ముందు లండనుకు మళ్ళీ వెళ్ళాలి.

చార్లెస్ ఫ్లెచర్ అనే వైద్యుడున్నాడు. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో పెన్సిలిన్ మందును రోగికి మొట్టమొదట సూదితో ఎక్కించిన యువకుడు ఆయనే. తరవాత ఆయన ఊపిరితిత్తుల జబ్బులమీద శ్రద్ధ పెట్టాడు. లండనులో ఉద్యోగాలు చేసుకునే మగవాళ్ళను కొన్ని వందలమందిని ఎంచుకుని, 1961 నుంచి ఎనిమిదేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ వాళ్ళ ఊపిరి కొలిపించాడు. చివరిదాకా కొలతలు సరిగా అందినవాళ్ళు 792 మంది. ఎవరు ఎన్ని సిగరెట్లు కాలుస్తున్నదీ, ఎవరు మానినదీ కూడా రాసి పెట్టారు. రిచర్డ్ పీటో అనే గణితవేత్త ఆ అంకెలన్నీ పట్టి చూశాడు. ఇద్దరూ కలిసి 1977లో ఆ సంగతి ఒక వైద్య పత్రికలో రాశారు.

వాళ్ళు చూసిందేమంటే - పొగ తాగనివాళ్ళ ఊపిరి మెల్లిగా, నిలకడగా తగ్గింది. పొగ తాగేవాళ్ళలో కొందరికి అది చాలా వేగంగా తగ్గింది. కాని పొగ తాగుతున్నా కొందరికి, తాగనివాళ్ళకు తగ్గినట్టే తగ్గింది!

చూశారా? లండనులోనూ సుబ్బయ్య తాతలు ఉన్నారు, వీరయ్య తాతలు ఉన్నారు. సుబ్బయ్య తాత చెప్పింది అబద్ధం కాదు. అయితే ఆయన తన ఒక్కడి సంగతే చెప్పాడు, వీరయ్య తాత సంగతి చెప్పలేదు.

ఇద్దరికీ పొగ ఒకటే అయినప్పుడు తేడా మనుషుల్లోనే ఉండాలి గదా. ఆ తేడా జాడ ఫ్లెచర్ కొలతలు సాగుతున్న రోజుల్లోనే, స్వీడన్ దేశంలోని మాల్మో పట్టణంలో అనుకోకుండా దొరికింది. అక్కడి ఆస్పత్రిలో లారెల్ అనే శాస్త్రజ్ఞుడు రోగుల రక్తాన్ని పరీక్షించేవాడు. రక్తంలో ఉండే రకరకాల మాంసకృత్తులను విద్యుత్తు సాయంతో విడదీస్తే, అవి కాగితం పట్టీ మీద వరసగా చారలు తీరుతాయి. ఆయన అటువంటి పట్టీలు సుమారు 1500 చూశాడు. అయిదింటిలో మాత్రం ఒక చార ఉండవలసిన చోట ఖాళీగా ఉన్నది. ఇంకొకరైతే పట్టీ పాడయిందని పక్కన పారేసేవాళ్ళు. లారెల్ అలా చేయక, ఎరిక్సన్ అనే పడుచు వైద్యుణ్ణి పిలిచి, ఆ అయిదుగురూ ఎవరో చూడమన్నాడు. చూస్తే వారిలో ముగ్గురికి ఊపిరితిత్తుల జబ్బు! ఈ సంగతి 1963లో లోకానికి తెలిసింది.

ఆ కనపడకుండా పోయిన చార ఏమిటి? అది ఒక కాపలావాడు. మన ఒంట్లో తెల్లకణాలనే భటులు ఉన్నారు. దుమ్మో, క్రిములో, పొగో లోపలికి వచ్చినప్పుడు వాళ్ళు పరుగెత్తుకు వచ్చి, పదునైన రసం చిమ్మి శత్రువును చంపుతారు. అయితే ఆ రసం శత్రువుతో పాటు మన సాగే దారాలను కూడా తినేస్తుంది! అందుకని మన కాలేయం ఒక మాంసకృత్తును తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. అది ఆ రసాన్ని ఎక్కడికక్కడ పట్టి ఆపుతుంది. దీని పేరు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. పేరు పొడుగు, మనం కాపలావాడు అనే అందాం.

పొగ తాగేవాడి గాలిగదుల్లోకి భటులు రోజూ గుంపులుగా వస్తారు, రోజూ రసం చిమ్ముతారు. అదీగాక పొగ కాపలావాడి చేతులు కూడా కట్టేస్తుంది. ఇక దారాలు ఒకటొకటిగా తెగిపోతాయి. గాలిగదుల గోడలు చిరిగి, పది చిన్న గదులు ఒక పెద్ద బోలు గది అవుతాయి. గుడారం తాళ్ళు తెగినట్టు గాలిరెమ్మలు కుప్పకూలుతాయి. లోపలి గాలి బయటికి రాలేదు, బయటి గాలి లోపలికి పోలేదు. వీరయ్య తాత ఆయాసం ఇదే. తెగిన దారాలు మళ్ళీ అతుక్కోవు, చిరిగిన గోడలు మళ్ళీ మొలవవు.

మాల్మోలో దొరికిన ఆ రోగులకు పుట్టుకతోనే కాపలావాడు సరిగా లేడు. ఎందుకు లేడు? ఇక్కడే జన్యువుల సంగతి వస్తుంది.

నీకు ముక్కు మేనమామ పోలిక అనీ, నడక తాత పోలిక అనీ అమ్మమ్మ అంటూ ఉంటుంది గదా. ఆ పోలికలు మోసుకు వచ్చేవే జన్యువులు. మన ఒంటిని ఎలా కట్టాలో చెప్పే చీటీలని అనుకోండి. ప్రతి చీటీకీ రెండు ప్రతులుంటాయి. ఒకటి నాన్న ఇస్తాడు, ఒకటి అమ్మ ఇస్తుంది. కాపలావాణ్ణి తయారుచేసే చీటీ కూడా అలాగే రెండు ప్రతులుగా వస్తుంది. ఒక ప్రతిలో తప్పు ఉన్నా, రెండోది బాగుంటే పని చాలామటుకు సాగిపోతుంది. అమ్మా నాన్నా ఇద్దరి దగ్గరా ఒక్కొక్క తప్పు ప్రతి ఉన్నదనుకోండి. వాళ్ళు బాగానే ఉంటారు. కాని వాళ్ళకు పుట్టే ప్రతి బిడ్డకూ రెండూ తప్పు ప్రతులే రావటానికి నాలుగింట ఒక పాలు అవకాశం ఉన్నది. అలా రెండూ తప్పువి వచ్చిన మనిషి పొగ కూడా తాగాడా, ముప్పై, నలభై ఏళ్ళకే ఆయాసం మొదలు కావచ్చు. అదే మనిషి పొగ జోలికి పోకపోతే ఆ జబ్బు ఎన్నో ఏళ్ళు ఆలస్యంగా వస్తుంది. కొందరికి అసలు రాకనే పోవచ్చు. చీటీ అదే, జీవితం వేరు! చేసిందల్లా పొగే.

ఈ లోపం ఐరోపా ఉత్తర దేశాలవాళ్ళలో ఎక్కువ. మన దేశంలో చాలా అరుదు. మరి మన వీరయ్య తాత సంగతి? ఆయన దగ్గర ఉన్నది ఒక పెద్ద తప్పు కాదు, ఎన్నో చిన్న చిన్న తేడాలు. ఈ మధ్య శాస్త్రజ్ఞులు అయిదు లక్షలకు పైగా మనుషుల జన్యువులనూ, ఊపిరి కొలతలనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఊపిరిని అంతో ఇంతో పెంచేవో తగ్గించేవో అయిన జన్యు భేదాలు వెయ్యికి పైగా ఉన్నట్టు 2023లో ప్రకటించారు. ఒక్కొక్కటి చేసేది ఆవగింజంత. అన్నీ ఒక పక్కకు కూడితే మాత్రం ఆ మనిషి ఊపిరికి బలం తక్కువవుతుంది. పొగ అలవాటు ఒకరిని గట్టిగా, ఇంకొకరిని వదులుగా పట్టుకోవటంలో కూడా జన్యువుల పాత్ర కొంత ఉన్నది.

ఇప్పుడు సుబ్బయ్య తాత మాటకు జవాబు తెలిసింది గదా. ఆయనకు పెద్దలనుంచి గట్టి దారాలు ఆస్తిగా వచ్చాయి. వీరయ్య తాతకు అంత గట్టివి రాలేదు. పొగ తాగి ఉండకపోతే ఆయనా ఈనాడు చెరువుగట్టు మీద నడిచేవాడే. అయితే మొదటి బీడీ వెలిగించిన రోజున ఇద్దరూ ఒకేలా ఉన్నారు! ఎవరు సుబ్బయ్య అవుతారో, ఎవరు వీరయ్య అవుతారో నుదుట రాసి లేదు. తెలిసేసరికి సగం ఊపిరి ఖర్చయిపోయింది.

ఇంకొక మాట. సుబ్బయ్య తాత కూడా గెలిచాడని అనుకోవటానికి లేదు. పొగ ఊపిరినే కాదు, గుండెనూ పట్టుకుంటుంది, పుట్టకురుపూ తెస్తుంది. ఇంగ్లండులో వేలకొద్దీ వైద్యులను 1951 నుంచి యాభై ఏళ్ళపాటు గమనించారు. జీవితమంతా సిగరెట్లు కాల్చినవాళ్ళు కాల్చనివాళ్ళకన్న సగటున పదేళ్ళు ముందుగా పోయారు. వాళ్ళలో డెబ్బై, ఎనభై ఏళ్ళు బతికినవాళ్ళూ లేకపోలేదు. మనకు రచ్చబండ మీద కనపడేది వాళ్ళే. పోయినవాళ్ళు వచ్చి తమ కథ చెప్పరు గదా!

సరే, వీరయ్య తాత గతి ఇంతేనా? ఇప్పుడు మానితే మాత్రం లాభమేమిటి? లాభం ఉన్నది. ఫ్లెచర్ కొలతల్లో అన్నిటికన్న మంచి కబురు ఇదే. పొగ మానినవాళ్ళకు పోయిన ఊపిరి తిరిగి రాలేదు. కాని ఆనాటినుంచి తరుగుడు నెమ్మదించి, ఎన్నడూ తాగనివాళ్ళ దారికి వచ్చింది. తరవాత అమెరికా, కెనడా దేశాల్లో 5,887 మంది పొగతాగేవాళ్ళను ఏళ్ళతరబడి పరీక్షించారు. వాళ్ళకు అప్పటికే ఊపిరి కొంచెం దెబ్బతిని ఉన్నది. పదకొండేళ్ళ తరవాత చూస్తే, పొగ మానేసిన మగవాళ్ళకు ఏటా తగ్గింది 30 మిల్లీలీటర్లు. మానని మగవాళ్ళకు 66. ఆడవాళ్ళలో మానినవాళ్ళకు 22, మాననివాళ్ళకు 54. సగానికి సగం తేడా!

మళ్ళీ మన లెక్క వేద్దాం. వీరయ్య తాతకు ఇరవయ్యైదేళ్ళనాడు నాలుగు లీటర్లు ఉన్నదనీ, ఏటా 60 మిల్లీలీటర్లు తరిగిందనీ అనుకోండి. మానకపోతే డెబ్బయ్యైదేళ్ళకు మిగిలేది ఒక్క లీటరు. అరవయ్యో ఏట మాని ఉంటే లీటరూ 450 మిల్లీలీటర్లు మిగిలేది. నలభయ్యైదో ఏట మాని ఉంటే రెండు లీటర్లకు దగ్గరగా ఉండేది. అసలు మొదలే పెట్టకపోతే రెండున్నర. ఇది మోటు లెక్కే, అందరికీ సరిగ్గా ఇలాగే జరగదు. అయినా ఒక సంగతి తెలుస్తున్నది. ఎంత తొందరగా మానితే అంత లాభం, ఎంత ఆలస్యంగా మానినా ఎంతో కొంత లాభమే. మానటం తేలిక కాదు. పొగాకులోని నికొటిన్ మనిషిని పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. అందువల్ల మానలేనివాళ్ళను చూసి ఎగతాళి చేయకూడదు. వైద్యుణ్ణి అడిగితే సాయపడే మందులూ, పద్ధతులూ ఉన్నాయి.

ఇక పెద్దవాళ్ళు వినవలసిన మాట ఒకటి. ఆస్తి తరగటం ఎంత ముఖ్యమో, మొదట ఎంత కూడిందన్నది కూడా అంత ముఖ్యం. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో, ముసలితనంలో ఊపిరి చాలని జబ్బు వచ్చినవాళ్ళలో సుమారు సగంమందికి పడుచుతనంలోనే ఊపిరి నిండుగా లేదని తేలింది. వాళ్ళకు తరుగుడు వేగంగా లేకపోయినా, మూలధనమే తక్కువ. పిల్లల ఊపిరితిత్తులు ఎదిగే రోజుల్లో ఇంట్లో పొగ ఉంటే ఆ ఎదుగుదల కుంటుపడుతుంది. నాన్న కాల్చే సిగరెట్టు పొగ నాన్నతోనే ఆగదు, పక్కన పడుకున్న బిడ్డ గుండెల్లోకీ పోతుంది. కట్టెలు, పిడకలు పెట్టే పొయ్యిపొగ కూడా మంచిది కాదు. దాన్ని ముందుగా పీల్చేది అమ్మ, ఆ తరవాత ఆమె చంకలోని పాప. అటువంటి వంటింటికి పొగ పోయే దారి ఉండి తీరాలి.

పిల్లలకు పొగాకు దొరక్కుండా మన దేశంలో 2003లో చట్టం చేశారు. దాని ప్రకారం పద్ధెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు పొగాకు సరుకులు అమ్మకూడదు. బడికి వంద గజాల లోపల అసలు అమ్మకూడదు. కాని చట్టంకన్న గట్టి కాపలా మీ తెలివే. "ఒక్కటి కాల్చి చూడు, ఏమీ కాదు" అని స్నేహితుడు ఎవడైనా అంటే, వాడికి ఇద్దరు తాతల కథ చెప్పండి.

తాతగారి ముక్కూ, నాన్నగారి పొడుగూ, అమ్మ కళ్ళూ - ఇవి మీరు కోరి తెచ్చుకున్నవి కావు. మీ ఊపిరిలో గట్టి దారాలున్నాయో, మెత్తనివి ఉన్నాయో అది కూడా మీ చేతిలో లేదు. పొగ మాత్రం మీ చేతిలోనే ఉన్నది.

మరి సుబ్బయ్య తాత మనవడు ఏం చేశాడంటారా? మర్నాడు తాత దగ్గరికి పోయి, "తాతయ్యా, నీకేమీ కాలేదు, నిజమే. కాని నేను నీ పోలికో, వీరయ్య తాత లాంటివాణ్ణో ఎవరికి తెలుసు? నువ్వు కాలుస్తూ ఉంటే ఆ పొగ నేనూ పీలుస్తున్నాను గదా!" అన్నాడు.

తాత వాడికేసి కాసేపు చూశాడు. చేతిలో ఉన్న బీడీని అరుగు కింద పడేసి కాలితో నలిపాడు. "పదరా, చెరువుగట్టు దాకా నడిచి వద్దాం," అని లేచాడు.

దారిలో వీరయ్య తాత అరుగుమీద కూర్చుని ఉన్నాడు. ముగ్గురూ కలిసి బయలుదేరారు. వీరయ్య తాత నాలుగడుగులు వేసి ఆగేవాడు. ఆయన ఆగినప్పుడల్లా తక్కిన ఇద్దరూ ఆగారు.